మూత్రపిండ క్యాన్సర్‌లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు సందేశక ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ప్రోటీన్ తయారీని తగ్గించే, సుమారు 22 న్యూక్లియోటైడ్ల పొడవుండే అణువులు. వీటిలో మొదటిదైన లిన్-4ను విక్టర్ ఆంబ్రోస్ బృందం 1993లో ఒక సూక్ష్మ నులిపురుగులో గుర్తించింది. మూత్రపిండ క్యాన్సర్లలో అధిక భాగం క్లియర్ సెల్ రకానివి. వీటిలో 3వ క్రోమోజోముపై ఉన్న వీహెచ్‌ఎల్ జన్యువు తరచుగా దెబ్బతింటుంది. దాంతో ఆక్సిజన్ కొరతకు స్పందించే హిఫ్ ప్రోటీన్లు, ఆక్సిజన్ తగినంత ఉన్నా విచ్ఛిన్నం కాక పోగుపడి, మిర్-210 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను పెంచుతాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలలో కనిపించే ఇలాంటి మార్పులు క్యాన్సర్‌కు ఫలితాలే తప్ప కారణాలు కావన్న అభ్యంతరం మిర్-210 విషయంలో కొంత సమంజసమే. మిర్-200 కుటుంబం విషయంలో మాత్రం నిలవదు. ఆ కుటుంబానికి చెందిన, కణితిలో తగ్గిపోయే మిర్-200సీని ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలకు తిరిగి అందిస్తే జెబ్1 అనే ప్రోటీన్ అణగి, అది అణచి ఉంచే, కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ఇ-క్యాడ్హెరిన్ పెరిగి, వాటి వలస మందగిస్తుంది. ఇది కణాల స్థాయి సాక్ష్యమే. రోగులకిచ్చే చికిత్సగా ఇంకా రుజువు కాలేదు.