కంటిరెప్ప మీద గీత: మాచర్ల పక్కన మొదలయ్యే కథ

మాచర్ల నుంచి విజయపురి సౌత్ వెళ్ళి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ మ్యూజియం వస్తుంది కదా. చాలామంది సెల్ఫీ దిగి వచ్చేస్తారు. ఆ సాగర్ నీళ్ళ కింద ఉన్నది మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. డ్యామ్ వస్తోందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండమీదికి చేర్చారు. అక్కడి శాసనాల్లో ఒకదాంట్లో 'విగతజ్వరాలయం' అనే మాట ఉంది. జ్వరపడ్డవాళ్ళ కోసం పెట్టిన ఇల్లని చరిత్రకారులు అర్థం చెప్పారు. అంటే మన పల్నాడు గడ్డ మీద, ఇంచుమించు 1,700 ఏళ్ళ కింద, రోగులకంటూ విడిగా ఒక చోటు ఉందన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. సుశ్రుత సంహిత పేరు మీరు వినే ఉంటారు. మనదేశపు పాత శస్త్రచికిత్స పుస్తకం. దానికి 12వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన డల్హణుడు, ఈ పుస్తకాన్ని సరిచేసి తిరగరాసినవాడు నాగార్జునుడు అన్నాడు. ఇంకేముంది, 'మన నాగార్జునుడే!' అని పోస్టులు పెట్టేస్తుంటారు. ఆగండి. ఆ పేరుతో బౌద్ధ తత్వవేత్త ఉన్నాడు, రసవాది ఉన్నాడు, వైద్యుడూ ఉన్నాడు. అందరూ ఒకరే అనడానికి ఆధారం లేదు. నాకు పల్నాడు అంటే ప్రాణమే గానీ, లేని చుట్టరికం కలపలేను.

చుట్టరికం లేకపోయినా పుస్తకంలో ఉన్న విషయం మాత్రం అద్భుతం. ఉత్తరతంత్రంలో కంటిరెప్ప ఆపరేషన్ ఉంది. రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి కంటిగుడ్డుకి గుచ్చుకుంటుంటే ఏం చెయ్యాలి? కనుబొమ కింద రెండు వంతులు, వెంట్రుకల దగ్గర ఒక వంతు వదిలి, మధ్యలో యవగింజ ఆకారంలో చర్మం కోసి తీసెయ్యాలి. లోపలి కొస నుంచి బయటి కొస దాకా సమంగా రావాలి. వెంట్రుకతో కుట్టాలి. తేనె, నెయ్యి రాసి, నుదుటికి పట్టీ కట్టాలి. గాయం మానాక కుట్లు తీసెయ్యాలి.

ఇప్పుడు బ్యూటీ కోసం చేసే బ్లెఫరోప్లాస్టీలో కూడా పైరెప్ప చర్మాన్ని దాదాపు ఇలాంటి ఆకారంలోనే తీస్తారు. ఉద్దేశమే వేరు. అప్పుడు చూపు కాపాడుకోవడానికి చేశారు. వెంట్రుకలు అలా తిరగడానికి ఒక పెద్ద కారణం ట్రాకోమా. ప్రజారోగ్య సమస్యగా అది భారత్‌లో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2024లోనే!

నాకు ఇంకా నచ్చింది మచ్చ గురించి చెప్పిన భాగం. గాయానికి 60 రకాల ఉపచారాలు చెప్పి, గాయం మానడంతో పని అయిపోలేదంటాడు. ఉబ్బిన చోట అణచాలి, గుంటపడితే నింపాలి, తెల్లబడితే నల్లగా, నల్లబడితే తేటగా చెయ్యాలి, వెంట్రుకలు రాకపోతే రప్పించాలి. చర్మం మళ్ళీ చర్మంలా కనపడేదాకా వైద్యుడి బాధ్యతే. మందులు మాత్రం ఇంట్లో ప్రయత్నించకండి ప్లీజ్. తెల్లమచ్చకి నల్లజీడి వాడమన్నాడు. చాకళ్ళు బట్టలకి గుర్తు పెట్టే గింజ అదే. చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి.

ఈమధ్య నాకు వచ్చే మెసేజుల్లో ఇదే ప్రశ్న: 'అన్నా, రెప్ప ఆపరేషన్ అయి రెండు నెలలైంది, గీత ఎర్రగా ఉంది, పెళ్ళి దగ్గరపడింది, ఏం రాయాలి?' నేను డాక్టర్‌ని కాదు, చరిత్ర చెప్పుకునేవాణ్ణి. కానీ డాక్టర్లు చెప్పేది ఇది. ఒంట్లో అన్నిటికంటే పల్చని చర్మం రెప్పదే, అందుకే బాగా మానుతుంది, గీత రెప్పమడతలో దాక్కుంటుంది. కోత బయటి కొస దాటి మందపాటి చర్మంలోకి వస్తే మాత్రం కనపడుతుంది. కుట్లు ఆలస్యంగా తీస్తే వాటి గుర్తులూ మిగలొచ్చు. రెండు నెలలకి ఎర్రగా ఉండటం మామూలే. మచ్చ పూర్తిగా సర్దుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అందుకే మళ్ళీ కోసి సరిచేయడానికి సర్జన్లు సాధారణంగా తొందరపడరు. ఈలోగా మన పల్నాడు ఎండకి నల్లబడకుండా కళ్ళజోడు, టోపీ పెట్టుకోండి. సిలికాన్ జెల్, మసాజ్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆపరేషన్ చేసినవాళ్ళనే అడగండి. గట్టిగా ఉబ్బితే ఇంజెక్షనో లేజరో వాళ్ళే ఆలోచిస్తారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. మెడికల్ షాపులో 'మచ్చలకి ఏదైనా ఇవ్వన్నా' అని అడిగి తెచ్చిన ట్యూబు మీద స్టెరాయిడ్ అని ఉందేమో చూడండి. కంటి చుట్టూ అది నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగి గ్లాకోమా కూడా రావచ్చు. గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. ఇప్పటికే రాస్తున్నవాళ్ళుంటే ఈ వారమే ట్యూబు పట్టుకెళ్ళి కంటి డాక్టర్‌కి చూపించి, కంటి ప్రెషర్ టెస్ట్ చేయించుకోండి.