ఐస్ హౌస్ నుంచి శీతల బీరువా దాకా: ఆహార శీతలీకరణలో ఉష్ణనిల్వ

1833లో బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన ‘టస్కనీ’ ఓడ దాదాపు నాలుగు నెలల ప్రయాణం తర్వాత కలకత్తా చేరింది. అందులో బయలుదేరిన సుమారు 180 టన్నుల మంచుగడ్డల్లో దాదాపు 100 టన్నులు మిగిలాయి. మద్రాసు తీరాన 1842లో వెలసిన ఐస్ హౌస్ ఈ వాణిజ్యపు ఫలితమే. (1897లో వివేకానందుడు బస చేసిన భవనం కూడా ఇదే.) ఈ వ్యాపారాన్ని వలస పాలకుల విలాసంగా మాత్రమే పరిగణిస్తే దాని సాంకేతిక సారం మరుగున పడుతుంది. శీతాకాలంలో ప్రకృతి ఉచితంగా ఇచ్చిన చల్లదనాన్ని దాచి, ఎండాకాలంలో వాడుకోవడమే ఆ సారం.

అది సాధ్యపడటానికి కారణం 1760ల ప్రాంతంలో జోసెఫ్ బ్లాక్ వివరించిన గుప్తోష్ణం. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. అదే ఉష్ణంతో కిలో నీటిని 0 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయవచ్చు. పైగా కరుగుతున్నంతసేపూ మంచు ఉష్ణోగ్రత మారదు. తగుపాళ్లలో ఉప్పు కలిపితే ఆ మిశ్రమం -21 డిగ్రీల వరకు దిగుతుంది. కుల్ఫీ అమ్మేవారికి ఈ సంగతి అనుభవంలో ఎప్పుడో తెలుసు.

1870లలో కార్ల్ ఫాన్ లిండే వంటివారు రూపొందించిన యంత్రాలతో పరిస్థితి మారింది. చల్లదనాన్ని అవసరమైనప్పుడే పుట్టించగలిగినందువల్ల దాచవలసిన అవసరం తగ్గింది. పాలశీతలీకరణ కేంద్రాలు మాత్రం పాత పద్ధతిని వదలలేదు. పాలు ఉదయం, సాయంత్రం ఒక్కసారిగా వస్తాయి. వాటిని వెంటనే 4 డిగ్రీలకు దింపడానికి పెద్ద యంత్రం పెట్టే బదులు, చిన్న కంప్రెసర్‌తో గంటల తరబడి తొట్టిలో మంచు పేర్చుకుంటారు.

నేటి దుకాణాల శీతల బీరువాల్లో ఉష్ణనిల్వ పదార్థాలను అమర్చడం ఈ పరంపరకు కొనసాగింపే. అయితే ఇక్కడ ఖర్చు ఆదా, శక్తి ఆదా ఒకటేనన్న భ్రమ తగదు. నీటిని గడ్డకట్టించాలంటే బాష్పీభవన ఉష్ణోగ్రతను సున్నా కంటే బాగా దించాలి. అది ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ విద్యుత్ వినియోగం సుమారు 2 నుంచి 4 శాతం పెరుగుతుంది. రాత్రివేళ బయటి గాలి చల్లగా ఉండటం వల్ల కలిగే లాభాన్ని ఈ నష్టం మింగేయవచ్చు. అప్పుడు చౌక రాత్రి ధర వల్ల బిల్లు తగ్గినా యూనిట్లు తగ్గవు. అందుకే బీరువాకు కావలసిన ఉష్ణోగ్రతకు దగ్గరలోనే కరిగే పారఫిన్లు, లవణ హైడ్రేట్ల వైపు పరిశోధన మళ్లింది. వాటికీ ఇబ్బందులున్నాయి: పారఫిన్లకు ఉష్ణవాహకత తక్కువ, మండే గుణం ఉంది, లవణ హైడ్రేట్లు పదేపదే కరిగి గడ్డకట్టేటప్పుడు విడిపోతాయి.