బండి ఎంత ఇస్తోంది?

మైలేజి గురించి మనవాళ్ళు అడిగే ప్రశ్న నాకు భలే ఇష్టం. "బండి ఎంత ఇస్తోంది?" అంటారు. పాడిగేదెను బేరమాడేవాడు "పూటకి ఎన్ని లీటర్లిస్తుంది?" అన్నట్టే! గేదె పాలిస్తుంది, బండి కిలోమీటర్లిస్తుంది, మేత మాత్రం మనమే వెయ్యాలి. గేదెకి లాగే బండికి కూడా ఊరికో వైద్యుడు, ఇంటికో చిట్కా.

నేనుండే అల్ వక్రాలో ఈ వైద్యులకి కొదవ లేదు. దోహాకి దక్షిణాన పదిహేను కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డునున్న ఊరిది. ఒకప్పుడు ముత్యాలకీ చేపలకీ పేరు. ఇప్పుడు దోహా కన్నా అద్దె కాస్త తక్కువని ఇక్కడ కాపురం పెట్టి, రోజూ పాత కార్లో వెస్ట్ బే దాకా పోయొచ్చే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. నాది 2009 మోడలు, రెండు లక్షల కిలోమీటర్లు దాటేసింది. శుక్రవారం నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే చాలు, సలహాలు మొదలు. ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యి. పొద్దున్నే ఐదు నిమిషాలు ఇంజను వేడెక్కనివ్వు. నెలకోసారి సూపర్ కొట్టించు. ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించు.

ఈ చిట్కాలన్నిటికీ పుట్టిన తేదీ ఒకటుంటుంది. ఏదో ఒక కొరతలో, ఏదో ఒక యంత్రం కోసం పుట్టినవే అన్నీ. ఆ యంత్రం పోయినా చిట్కా మాత్రం నోటి మాటగా బతికేస్తుంది. అందుకని ముందు కాస్త చరిత్ర, తర్వాత వైద్యం.

1939తో మొదలుపెడదాం. ఆ ఏడాది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని షెల్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసేవాళ్ళు సరదాగా పందెం కాసుకున్నారు: ఒకే కొలత పెట్రోలుతో ఎవరి కారు ఎక్కువ దూరం పోతుందో చూద్దామని. నెగ్గినాయన గ్యాలనుకి దాదాపు 50 మైళ్ళు, అంటే లీటరుకి 21 కిలోమీటర్లు తెప్పించాడు. ఆ రోజుల బండితో! కారు అదే అయినా నడిపే తీరును బట్టి లెక్క ఎంత మారుతుందో అప్పుడే తేలిపోయింది. ఆ పందెమే పెరిగి పెద్దదై షెల్ ఎకో మారథాన్ అయింది.

సరిగ్గా 1939-40లోనే ఖతార్ పడమటి ఒడ్డున దుఖాన్‌లో నూనె పడింది. కానీ యుద్ధం ముంచుకురావడంతో 1942లో పని ఆపేసి బావులు పూడ్చేశారు. ఇక్కడ నూనె అలా నేలకింద బిరడా వేసుకుని కూర్చుంటే, అక్కడ మన ఊళ్ళల్లో పెట్రోలుకి రేషను. బస్సుల వెనక పెద్ద డబ్బా బిగించి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారు. బొగ్గు బస్సు కథలు మన తాతల తరం వాళ్ళు చెప్పగా వినే ఉంటారు. బయల్దేరాలంటే ముందు క్లీనరు చక్రం తిప్పి నిప్పు రాజెయ్యాలి, ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాలి. లీటరుకి ఎంత అనే ప్రశ్నే లేదు, లీటరుంటే కదా!

ఖతార్ నూనె తొలిసారి ఓడెక్కింది 1949 చివర్లో, మా అల్ వక్రాకి దక్షిణాన ఉన్న ఉమ్ సయీద్ నుంచి. ఇప్పుడు దాన్ని మెసయీద్ అంటున్నారు. ముత్యాల వ్యాపారం అప్పటికే చితికిపోయి ఉంది. ఈ ఊరి వాళ్ళ బతుకు సముద్రం నుంచి నూనె వైపు మళ్ళింది అప్పట్నించే.

మైలేజి చరిత్రలో అసలు మలుపు 1973. అక్టోబరులో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చింది. అరబ్ దేశాలు ఉత్పత్తి తగ్గించి, అమెరికాకి నూనె ఆపేశాయి. వాటిలో ఖతార్ కూడా ఉంది. పీపా 3 డాలర్ల చుట్టుపక్కల ఉన్నది 1974 జనవరికి 11 డాలర్లు దాటింది. అమెరికాలో బంకుల ముందు బారులు తీరారు. 1974 జనవరి 2న నిక్సన్ సంతకంతో దేశమంతటా వేగపరిమితి గంటకి 55 మైళ్ళయింది, అంటే 88 కిలోమీటర్లు. ఆ చట్టాన్ని పూర్తిగా ఎత్తేసింది 1995లో. మన దగ్గర నవంబరులో పెట్రోలు ధర పెంచితే, వాజ్‌పేయి ఎడ్లబండెక్కి పార్లమెంటుకి వెళ్ళారు.

1978లో పెట్రోలియం పొదుపు కోసం పీసీఆర్ఏ అనే సంస్థ ఏర్పడింది. వేగం 45-55 మధ్య ఉంచండి, సిగ్నల్ దగ్గర ఇంజను ఆపండి, టైర్లలో గాలి చూసుకోండి అన్న బోధనలు చాలావరకు అక్కడివే. పెద్దయ్యాక సైకిళ్ళకి పంక్చర్లు వేసే కొట్టు పెడతానని పిల్లాడు నాన్నతో చెప్పే టీవీ ప్రకటన కూడా వాళ్ళదే. అప్పటి మన రోడ్ల మీద ఉన్నవేమో అంబాసిడరూ, ఫియెట్టూ. లీటరుకి పది వస్తే దండం పెట్టుకునేవాళ్ళు. ఆ కరువులోంచే 1983 డిసెంబరులో మారుతి 800, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చిపడ్డాయి. పెట్రోలు పోసి మూతపెట్టి ఇక ఆ సంగతే మర్చిపొమ్మని ప్రకటన ఇచ్చి మరీ బండి అమ్మిన కాలం అది.

ఇందులో మనం సాధారణంగా కలిపి చూడనిది ఒకటుంది. 1973లో పెరిగిన అదే ధర, ఇటువైపు గల్ఫ్ దేశాల ఖజానాలు నింపింది. రోడ్లు, ఓడరేవులు, ఇళ్ళు కట్టడానికి లక్షలమంది మనుషులు కావలసివచ్చారు. కడప, కరీంనగర్, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు విమానాలెక్కడం మొదలైంది ఆ డబ్బుతోనే. అంటే నెల్లూరులో ఒకాయన సిగ్నల్ దగ్గర స్కూటరు ఆపడం, రాయచోటిలో ఇంకొకాయన పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టడం, రెండూ ఒకే ఏడాది బిడ్డలు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడూ అంతే: ఇంట్లో పెట్రోలు మీద గల్ఫ్ సర్‌ఛార్జి, అదే ఇంటి కొడుకు అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో ఉత్తి చేతులతో తిరుగు ప్రయాణం.

సరే, ఇప్పుడు యంత్రం సంగతి. ఆ కాలపు బళ్ళకి ఉన్నది కార్బురేటరు. గాలి పీల్చే జోరుకి పెట్రోలు తనంతట తనే చిమ్మేది. కొలిచి పోసే నాథుడు లేడు. మన దేశంలో 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిశాక కార్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చిన్న కంప్యూటరు గాలినీ, వేడినీ, పొగలో మిగిలిన ఆక్సిజన్‌నీ కొలిచి, దానికి తగ్గట్టు పెట్రోలు పోస్తుంది. నా పదిహేడేళ్ళ "పాత" కారు కూడా ఈ జాతిదే. ఇప్పుడు చిట్కాల్ని ఒక్కొక్కటిగా బోనెక్కిద్దాం.

న్యూట్రల్: కార్బురేటరు బండి పల్లంలో గేర్లో ఉంటే ఎంతో కొంత పెట్రోలు లాగుతూనే ఉండేది, కనుక ఘాట్ రోడ్డు డ్రైవర్లకి అలవాటయింది. ఇంజెక్షన్ బండిలో గేర్లో ఉంచి ఆక్సిలరేటరు వదిలేస్తే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తేనే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి కాస్త తాగుతుంది. పైగా ఇంజను పట్టు లేక భారమంతా బ్రేకుల మీద పడుతుంది. నష్టమూ, ప్రమాదమూ.

వేడెక్కించడం: చోక్ లాగే రోజులనాటి మాట. అర నిమిషం చాలు, తర్వాత నెమ్మదిగా నడుపుతూ పొతే అదే వేడెక్కుతుంది. ఖతార్ జూలైలో అయితే పొద్దున్న ఆరింటికే బానెట్ మీద అట్టు పొయ్యొచ్చు.

సూపర్: ఇక్కడ ప్రీమియం అంటే 91 ఆక్టేన్, సూపర్ అంటే 95. ఆక్టేన్ అనేది పెట్రోలు బలం కాదు, వేళకు ముందే భగ్గుమనకుండా ఉండే ఓర్పు. కారు మాన్యువల్లో 91 చాలని ఉంటే, 95 పోసినందువల్ల దూరం పెరగదు.

ఎయిర్ ఫిల్టర్: దుమ్ము పడితే మైలేజి పడిపోతుందన్నది కార్బురేటరు నాటి నిజం. ఇంజెక్షన్‌లో గాలి తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది, అందుకని మైలేజి పెద్దగా మారదు, లాగుడు తగ్గుతుంది. ఇసుక దేశం కనుక ఇంజను ఆరోగ్యం కోసం మార్చాల్సిందే, ఆ పేరున మైలేజి ఆశించొద్దు.

టైర్లలో గాలి తగ్గించడం: ఈ ఒక్కదాన్ని నవ్వి వదిలెయ్యలేను. గాలి తక్కువైన టైరు ఎక్కువ వంగుతుంది, వంగేకొద్దీ వేడెక్కుతుంది. 45 డిగ్రీల ఎండలో, 120 వేగంలో పేలేది అలాంటి టైరే. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసి, డోరు పక్కన స్టిక్కరు మీద ఎంత రాసుంటే అంత ఉంచాలి. ఇది పీసీఆర్ఏ నాడూ నిజమే, ఈనాడూ నిజమే.

మరి పాత కారుకి నిజంగా పనికొచ్చేవి? మొదటిది డాష్‌బోర్డు మీద ఇంజను లైటు. ఆక్సిజన్ సెన్సరు బాగా చెడితే, దాన్ని మార్చినందుకు మైలేజి 40 శాతం దాకా మెరుగవ్వచ్చని అమెరికా ఇంధన శాఖ లెక్క. రెండోది వేగం. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 100 నుంచి 120కి పొతే వేగం 20 శాతమే ఎక్కువ, గాలి దెబ్బ 44 శాతం ఎక్కువ. నిక్సన్ చట్టం వెనకున్న లెక్క ఇదే. మూడోది ఖతార్ ప్రత్యేకం: కారు ఆపకుండా హారన్ కొట్టి కరక్ చాయ్ తెప్పించుకోవడం. నిలబడ్డ ఇంజను ఏసీతో గంటకి ఒకటి నుంచి రెండు లీటర్లు తాగుతుంది. రోజుకి పావుగంట చొప్పున నెలకి ఎంతవుతుందో మీరే వేసుకోండి. (లోపల పిల్లలుంటే మాత్రం ఆపొద్దు. ఈ ఎండలో పొదుపు కన్నా ప్రాణం ముఖ్యం.)

ఇంత శ్రమకి ఫలితమెంత? 2016 జనవరి దాకా ఇక్కడ సూపర్ లీటరు ఒక్క రియాల్, ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ముడిచమురు ధర కూలి, ప్రభుత్వానికి రాబడి తగ్గాక దాన్ని ఒక్కసారిగా 1.30 చేశారు. ఆ తర్వాత కొన్ని నెలల్లోనే నెలనెలా ధర మార్చే పద్ధతి వచ్చింది. కొన్నేళ్ళుగా రెండు రియాళ్ళ చుట్టుపక్కలే ఉంటోంది. నేను నెలకి 1100 కిలోమీటర్లు తిరుగుతాను. లీటరుకి 9 అయితే 122 లీటర్లు, 11 అయితే 100. మిగిలేది 44 రియాళ్ళు, వెయ్యి రూపాయలకి పైమాట. సాఫ్ట్‌వేర్ జీతానికి ఇదో లెక్కా అనొచ్చు. కానీ నలుగుర్ని లిఫ్టులో ఎక్కించుకుని సైటుకి పోయే టెక్నీషియన్‌కి అది ఇంటికి పంపే డబ్బులోంచి పోయేదే.

ఇంకో కిటుకు: 8 ఇచ్చే బండిని 9కి తెస్తే ప్రతి 100 కిలోమీటర్లకి 1.4 లీటర్లు మిగులుతుంది. 14 ఇచ్చేదాన్ని 15కి తెస్తే మిగిలేది అర లీటరు కూడా ఉండదు. లారిక్, సోల్ అనే ఇద్దరు 2008లో దీన్ని మైలేజి భ్రమ అన్నారు. అంటే తక్కువిచ్చే ముసలి బండికే వైద్యం ఎక్కువ గిట్టుబాటు.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇప్పుడు ఇంకో కొత్త చిట్కాల కాలం మొదలైంది. 2025కల్లా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజి కొంత తగ్గడం సహజమే. మెకానిక్ ఇంజను విప్పదీస్తానంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మాకైతే 2019 మే నుంచి మెట్రో ఉంది. రెడ్ లైన్ దక్షిణపు చివరి స్టేషను అల్ వక్రాయే. కారు అక్కడ ఊరికే పెట్టుకోవచ్చు, టిక్కెట్టు 2 రియాళ్ళు. ఒక లీటరు ధరకి వెస్ట్ బే! ఏ కార్బురేటరూ, ఏ కంప్యూటరూ ఇవ్వని మైలేజి అది. నేను వారానికి మూడు రోజులు అలాగే పోతున్నాను. మిగతా రోజుల కోసం కారులో చిన్న నోటుబుక్కు ఉంది. ట్యాంకు నింపిన ప్రతిసారీ లీటర్లూ కిలోమీటర్లూ రాస్తాను. ఈసారి ఎవరైనా మీకు మైలేజి చిట్కా చెబితే, "ఇది ఏ సంవత్సరం బండిదండీ?" అని అడిగి చూడండి.