వాహనపు పైకప్పు అర

పైకప్పు అర లేదా రూఫ్ కన్సోల్ అనగా జీపు వంటి ఆఫ్‌రోడ్ వాహనం లోపల, కూర్చున్నవారి తలలకు పైభాగాన, లోకప్పుకు ఆనించి అమర్చే సామాను అర. ఇంటిలో అటక చేసే పనినే ఇది వాహనంలో చేస్తుంది. నేల మీద గాని, సీట్ల మీద గాని స్థలం తీసుకోకుండా, వృథాగా పోయే పై చోటును వాడుకోవడం దీని ఉద్దేశము. వాహనం బయట, పైకప్పు మీద బిగించే క్యారియర్ వేరు. ఈ వ్యాసం లోపలి అరకు మాత్రమే సంబంధించినది.

నేపథ్యం

రైళ్ళలోను, బస్సులలోను తలపై సామాను పెట్టుకొనే ఏర్పాటు చాలా పాతది. తొలినాటి ప్రయాణీకుల విమానాలలో టోపీలు, కోట్లు ఉంచుకొనే మూతలేని అరలు ఉండేవి. మూత ఉన్న పెట్టెలు తరువాత వచ్చాయి. ఆఫ్‌రోడ్ వాహనాలలో ఈ ఆలోచనను కర్మాగారంలోనే అమలు చేసిన వాటిలో 1989లో విడుదలైన లాండ్ రోవర్ డిస్కవరీ చెప్పుకోదగినది. దాని లోపలి అలంకరణను బ్రిటన్‌కు చెందిన కాన్రాన్ డిజైన్ సంస్థ రూపొందించింది. ముందు అద్దానికి పైన పటాలు, పత్రికలు పెట్టుకోవడానికి అరలు ఇచ్చారు.

ఆస్ట్రేలియాలో ఈ అరలకు ఆదరణ ఎక్కువ. అక్కడి ఎడారి ప్రాంతాలలో ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంటుంది. టొయోటా లాండ్ క్రూయిజర్, నిస్సాన్ పెట్రోల్ వంటి వాహనాల యజమానులు ముందు సీట్లపై పొడవైన కన్సోల్ బిగించి, అందులో 476, 477 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాలలో పనిచేసే రేడియోను, పటం చదువుకొనే దీపాన్ని, చిన్న అరలను అమర్చుకుంటారు. 80 మార్గాలు గల ఈ రేడియోలో 5వ మార్గం ఆపత్సమయాలకు కేటాయింపబడినది. రేడియో నడిపేవాని చేతికి అందుబాటులో ఉండడం అక్కడ సౌకర్యం కన్నా అవసరమే.

రకాలు

గట్టి కన్సోల్ ఒక రకం. దీనిని ఏబీఎస్ ప్లాస్టిక్ పలకను వేడిచేసి అచ్చుపై పీల్చి తయారుచేస్తారు. ఇది ఒక్కొక్క వాహనపు కప్పు వంపుకు తగినట్లు ఉంటుంది కనుక ఒకదానిది మరొకదానికి సరిపోదు. రెండవది వల. సాగే త్రాళ్ళతో అల్లిన వలను చేతిపిడుల మధ్య కట్టి తేలికైన వస్తువులు పెట్టుకుంటారు. ఖర్చు తక్కువ, తల తగిలినా దెబ్బ ఉండదు; అయితే బరువు పెడితే క్రిందికి వేలాడుతుంది. మూడవది పట్టీల పలక. అమెరికా సైన్యం 1997లో ప్రవేశపెట్టిన మోలే పద్ధతిలో 25 మి.మీ. వెడల్పు పట్టీలను వరుసలుగా కుట్టి, వాటికి సంచులను తగిలిస్తారు. ప్లైవుడ్‌తో, అల్యూమినియం రేకుతో ఇంటివద్ద చేసుకొనేవారు కూడా ఉన్నారు.

జీప్ రాంగ్లర్ వంటి వాహనాల సంగతి వేరు. వాటి పైకప్పు ఊడదీయడానికి వీలుగా ఉంటుంది. కప్పుకు అరను బిగిస్తే కప్పుతోపాటు అదీ పోతుంది. అందుచేత అక్కడ అరను కప్పుకు కాక రోల్ బార్‌కు పట్టీలతో గాని, బిగింపులతో గాని కడతారు.

అమర్చే విధానం

లోకప్పుగా కనిపించే గుడ్డ, దాని వెనుక ఉండే అట్ట బరువు మోయడానికి చేసినవి కావు. వాటికి మర బిగిస్తే కొద్దిరోజులకే ఊడివస్తుంది. బరువు పడవలసినది లోహపు చట్రం మీద. చట్రాన్ని చేరడానికి తేలికైన మార్గం, కర్మాగారంలో ముందే వేసిన రంధ్రాలను వాడుకోవడం: చేతిపిడుల బోల్టులు, సన్ వైజర్ మరలు, లోదీపపు చట్రం. కొత్త రంధ్రం వేయడంలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, డ్రిల్లు పైరేకును చీల్చుకొని బయటికి పోతే వాననీరు దిగి తుప్పు పడుతుంది. రెండవది, లోకప్పు వెనుక దీపాల తీగలు, ఆంటెన్నా తీగ ఉంటాయి.

కొలతలు తీసుకొనేటప్పుడు ఆ వాహనంలో కూర్చొనేవారిలో అందరికన్నా పొడగరిని కూర్చోబెట్టి చూడాలి. నిలిచిన వాహనంలో సరిపోయిన ఖాళీ గోతుల దారిలో సరిపోదు. సీటు స్ప్రింగుపై మనిషి పైకి లేస్తాడు. వెనుక చూసే అద్దం, దానిలో కనిపించే దృశ్యం కూడా మరుగు పడరాదు. అర లోపల దళసరి గుడ్డ లేదా నురుగు పలక అంటిస్తే చప్పుడు తగ్గుతుంది. రాతిదారిలో రోజంతా చెవి దగ్గర గలగలలు వింటే గాని దీని విలువ తెలియదు.

భద్రత

తలపై ఉంచే ఏ వస్తువైనా ప్రమాదంలో తలకే తగులుతుంది. గంటకు 50 కి.మీ. వేగంతో పోయే వాహనం దేనినో ఢీకొని 60 సెం.మీ. దూరంలో ఆగినదనుకుంటే, సగటు మందగమనం గురుత్వ త్వరణానికి సుమారు 16 రెట్లు ఉంటుంది. అప్పుడు అరలోని 2 కి.గ్రా. వస్తువు 32 కి.గ్రా. బరువుతో సమానమైన బలంతో ముందుకు నెడుతుంది. ఆ బలాన్ని సాగే వల ఆపలేదు, ప్లాస్టిక్ గొళ్ళెం ఆపుతుందన్న హామీ లేదు. కనుక స్పానర్లు, షాకిళ్ళు, నీటి సీసాలు, అగ్నిమాపక సిలిండరు వంటివి పై అరలో పెట్టరాదు. వాటి స్థానం నేల మీద, గట్టిగా కట్టి ఉంచిన పెట్టెలో. తువాళ్ళు, చేతిసంచులు, పటాలు, టోపీలు, పలుచని దుప్పట్లు, కట్టుగుడ్డలు పైన ఉండదగినవి.

వస్తువులే కాక అర అంచు కూడా దెబ్బ తీయగలదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 21 ప్రకారం తల తగలగల ప్రదేశాలలోని అంచుల వంపు వ్యాసార్ధం 2.5 మి.మీ.కు తగ్గరాదు. అమెరికా భద్రతా ప్రమాణం 201ను 1995లో సవరించారు. దాని ప్రకారం 4.5 కి.గ్రా. తల నమూనాను గంటకు 24 కి.మీ. వేగంతో లోకప్పు భాగాలకు కొట్టి పరీక్షిస్తారు. ఇవి తయారీదారుకు వర్తించే నియమాలు. యజమాని తరువాత బిగించుకొన్న అర సాధారణంగా అటువంటి పరీక్షకు లోనుకాదు. చదునైన అల్యూమినియం రేకు అంచును మడవకుండా వదిలివేయడం ఇంటి పనిలో తరచు కనిపించే దోషం. అది కత్తితో సమానం.

తెర గాలిసంచులు ఉన్న వాహనాలలో మరింత జాగ్రత్త కావాలి. వోల్వో సంస్థ 1998లో ఎస్80 కారులో ప్రవేశపెట్టిన ఈ రకం సంచి, తలుపులపై కప్పు అంచు వెంబడి మడతపెట్టి ఉండి, ప్రమాదంలో క్షణంలో కొంత వంతులో క్రిందికి విచ్చుకుంటుంది. దాని దారికి అర అడ్డు వస్తే సంచి సరిగా తెరుచుకోదు, లేదా అరనే పగలగొట్టి ముక్కలను మనుషుల మీదికి విసురుతుంది. ఆ అంచున మర దిగితే సంచికే చిల్లు పడవచ్చును. భారతదేశంలో మారుతి జిమ్నీ (2023), మహీంద్రా థార్ రాక్స్ (2024) వాహనాలకు ఇటువంటి సంచులున్నాయి. పాత మారుతి జిప్సీకి లేవు. ఒక వాహనంలో నిరపాయంగా ఉన్న అమరిక మరొకదానిలో ప్రాణాంతకం కావచ్చు.

ఎండ సంగతి కూడా గమనించాలి. వేసవిలో మూసి నిలిపిన వాహనంలో వేడిగాలి పైకప్పు దగ్గరే చేరుతుంది. సిగరెట్ లైటర్లు, స్ప్రే డబ్బాలు, పవర్ బ్యాంకులు, మందుబిళ్ళలు అక్కడ ఉంచరాదు.

బరువు, స్థిరత్వం

పై అర వలన వాహనం బోల్తాపడుతుందన్న భయం లెక్కకు నిలవదు. 1,700 కి.గ్రా. వాహనపు గురుత్వ కేంద్రం నేలకు 70 సెం.మీ. ఎత్తున ఉన్నదనుకుందాం. 170 సెం.మీ. ఎత్తులో 10 కి.గ్రా. చేర్చితే ఆ కేంద్రం సుమారు 6 మి.మీ. మాత్రమే పైకి జరుగుతుంది. అదే బయటి క్యారియర్‌పై 195 సెం.మీ. ఎత్తున 100 కి.గ్రా. వేస్తే దాదాపు 7 సెం.మీ. జరుగుతుంది. చక్రాల మధ్య వెడల్పు 150 సెం.మీ. అయితే, వెడల్పులో సగాన్ని కేంద్రపు ఎత్తుతో భాగించగా వచ్చే స్థిరత్వ నిష్పత్తి 1.07 నుండి 0.97కు పడిపోతుంది. ప్రక్కవాలు దారిలో ఈ తేడా చిన్నది కాదు.

భారతదేశంలో

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళకు సంబంధించిన ఒక కేసులో దీనినే స్పష్టం చేసింది. బోల్టులతో బిగించి తీయగల లోపలి అర, సీట్ల సంఖ్య, బాడీ రకం వంటి నమోదైన వివరాలను మార్చదు. అర కోసం వెనుక సీటు తొలగించడం, పైకప్పు కోయడం మార్పు క్రిందకు వస్తాయి. బొర్రా గుహల నుండి కటికి జలపాతానికి యాత్రికులను తీసుకువెళ్ళే జీపుల వంటి అద్దె వాహనాలలో మనుషులు క్రిక్కిరిసి కూర్చుంటారు కనుక తలపై గట్టి అరకు చోటుండదు. అక్కడ వల ఒక్కటే పనికివస్తుంది.