రసాయన సమీకరణం

రసాయన సమీకరణం అనగా ఒక రసాయన చర్యను మూలకాల సంకేతాలు, పదార్థాల ఫార్ములాల సహాయంతో సంక్షిప్తంగా తెలియజేయు విధానం. చర్యలో పాల్గొను పదార్థాలను క్రియాజనకాలు అనియు, చర్య వలన ఏర్పడు పదార్థాలను క్రియాజన్యాలు అనియు అందురు. క్రియాజనకాలను ఎడమవైపున, క్రియాజన్యాలను కుడివైపున వ్రాసి, వాటి నడుమ బాణపు గుర్తు ఉంచెదరు. ఇరువైపుల ప్రతి మూలకపు పరమాణువుల సంఖ్య సమానంగా ఉన్నచో అది తుల్య సమీకరణం. అట్లు లేనిచో దానిని అస్థిపంజర సమీకరణం అందురు.

ఉన్నత పాఠశాల స్థాయిలో రసాయన శాస్త్రాభ్యాసానికి ఈ అంశం పునాది వంటిది. మోల్ భావన, ద్రావణాల గాఢత, ఆక్సీకరణ-క్షయకరణ చర్యలు మొదలగు తరువాతి పాఠాలన్నియు దీనిపై ఆధారపడి ఉన్నవి.

ఈ వ్యాసంలో మూలకాల సంకేతాలను అక్షరాల ఉచ్చారణ ననుసరించి తెలుగు లిపిలో చూపడమైనది. ఉదాహరణకు హైడ్రోజన్ సంకేతం హెచ్, ఆక్సిజన్ ఓ, కార్బన్ సీ, కాల్షియం సీఏ, ఇనుము ఎఫ్ఈ, అల్యూమినియం ఏఎల్, రాగి సీయు, వెండి ఏజీ.

చరిత్ర

ఫ్రాన్సుకు చెందిన జాఁ బెగాఁ 1615లో తన 'టైరోసినియం కైమికం' గ్రంథంలో ఒక చర్యను పటం రూపంలో చూపెను. దీనిని మొదటి రసాయన సమీకరణంగా పేర్కొందురు. అయితే అందులో నేటి సంకేతాలు గాని, పరమాణువుల లెక్క గాని లేవు.

18వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంటోని లెవోయిజర్ మూసిన పాత్రలలో చర్యలు జరిపి, చర్యకు ముందు, తరువాత ద్రవ్యరాశిని జాగ్రత్తగా తూచెను. చర్యలో ద్రవ్యం క్రొత్తగా పుట్టదనియు, నశింపదనియు 1789లో ప్రచురించిన తన గ్రంథంలో స్పష్టపరచెను. ఇదియే ద్రవ్యనిత్యత్వ నియమం. ఫ్రెంచి విప్లవ కాలమున 1794లో ఆయనకు మరణశిక్ష అమలు జరిగినది.

ఇంగ్లండుకు చెందిన జాన్ డాల్టన్ 1808లో తన పరమాణు సిద్ధాంతాన్ని గ్రంథరూపంలో వెలువరించెను. చర్యలో పరమాణువులు కేవలం అమరికను మార్చుకొనునని ఈ సిద్ధాంతం తెలుపుచున్నది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ 1813-14 కాలంలో మూలకాలకు వాటి లాటిన్ పేర్ల మొదటి అక్షరాలను సంకేతాలుగా సూచించెను. ఇనుముకు ఫెర్రం నుండియు, వెండికి అర్జెంటం నుండియు సంకేతాలు వచ్చుటకు కారణమిదే. ద్విగత చర్యలకు రెండు బాణాల గుర్తును 1884లో డచ్చి శాస్త్రజ్ఞుడు వాంట్ హాఫ్ ప్రవేశపెట్టెను. రసాయన శాస్త్రంలో మొదటి నోబెల్ బహుమతి (1901) ఈయనకే లభించినది.

తుల్యం చేయుట ఎందుకు?

హైడ్రోజన్, ఆక్సిజన్ కలసి నీరు ఏర్పడు చర్యను మొదట ఇట్లు వ్రాయవచ్చును.

హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ

ఎడమవైపు 2 ఆక్సిజన్ పరమాణువులు ఉండగా, కుడివైపు ఒకటి మాత్రమే ఉన్నది. అనగా ఒక పరమాణువు మాయమైనట్లు ఈ సమీకరణం చెప్పుచున్నది. ఇది ద్రవ్యనిత్యత్వ నియమానికి విరుద్ధం. సరియైన రూపం ఇది.

2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ

ఇప్పుడు ఇరువైపుల 4 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నవి. ద్రవ్యరాశిలో చూచిన, 4 గ్రాముల హైడ్రోజన్ 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలసి 36 గ్రాముల నీటినిచ్చును.

ఫార్ములా ముందు వ్రాయు సంఖ్యను గుణకం అనియు, ఫార్ములాలో సంకేతం క్రింద వ్రాయు సంఖ్యను పాదాంకం అనియు అందురు. గుణకం ఎన్ని అణువులో తెలుపును. పాదాంకం ఒక అణువులో ఎన్ని పరమాణువులో తెలుపును. తుల్యం చేయునప్పుడు గుణకాలను మాత్రమే మార్చవలెను, పాదాంకాలను మార్చరాదు. పై ఉదాహరణలో కుడివైపు హెచ్₂ఓ బదులు హెచ్₂ఓ₂ అని వ్రాసినచో లెక్క సరిపోవును. కాని అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. పాదాంకం మారినచో పదార్థమే మారిపోవును.

సమీకరణం వ్రాయు విధానం

1. చర్యను మొదట మాటలలో వ్రాయవలెను. ఉదా: ఇనుము + నీటి ఆవిరి → ఐరన్ ఆక్సైడ్ + హైడ్రోజన్.

2. ప్రతి పదార్థానికి సరియైన ఫార్ములా వ్రాయవలెను. ఇందుకు సంయోజకతలు తెలిసి ఉండుట అవసరం. హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, క్లోరిన్ వంటి వాయువులను ద్విపరమాణుక అణువులుగా చూపవలెను.

ఎఫ్ఈ + హెచ్₂ఓ → ఎఫ్ఈ₃ఓ₄ + హెచ్₂

3. ఇరువైపుల ప్రతి మూలకపు పరమాణువులను లెక్కించవలెను. ఎడమవైపు ఇనుము 1, హైడ్రోజన్ 2, ఆక్సిజన్ 1. కుడివైపు ఇనుము 3, హైడ్రోజన్ 2, ఆక్సిజన్ 4.

4. ఎక్కువ పరమాణువులు గల సమ్మేళనంతో మొదలుపెట్టుట సులభం. ఇక్కడ అది ఎఫ్ఈ₃ఓ₄. దానిలోని 4 ఆక్సిజన్ పరమాణువులకు నీటి ముందు 4 వ్రాయవలెను. దాని వలన ఎడమవైపు హైడ్రోజన్ 8 అగును. కావున కుడివైపు హైడ్రోజన్ ముందు 4 వ్రాయవలెను. చివరగా ఇనుము ముందు 3 వ్రాయవలెను.

3ఎఫ్ఈ + 4హెచ్₂ఓ → ఎఫ్ఈ₃ఓ₄ + 4హెచ్₂

5. మరల లెక్కించి సరిచూడవలెను. ఇనుము 3, హైడ్రోజన్ 8, ఆక్సిజన్ 4. ఇరువైపుల సమానం.

6. గుణకాలన్నింటికి సామాన్య భాజకం ఉన్నచో భాగించి, కనిష్ఠ పూర్ణసంఖ్యలుగా వ్రాయవలెను.

ఒంటరిగా ఉన్న మూలకాన్ని చివరకు విడిచిపెట్టుట మంచి పద్ధతి. దాని గుణకాన్ని మార్చినను మరే మూలకపు లెక్క చెడదు.

బహుపరమాణుక అయాన్లు

సల్ఫేట్, నైట్రేట్, హైడ్రాక్సైడ్ వంటి అయాన్లు చర్యలో విడిపోక ఇరువైపుల అట్లే ఉన్నచో, వాటిని ఒకే ప్రమాణంగా లెక్కించవచ్చును. నీటి శుద్ధిలో అల్యూమినియం సల్ఫేట్, సున్నం కలిపినపుడు జరుగు చర్య ఇందుకు ఉదాహరణ.

ఏఎల్₂(ఎస్ఓ₄)₃ + 3సీఏ(ఓహెచ్)₂ → 2ఏఎల్(ఓహెచ్)₃ + 3సీఏఎస్ఓ₄

సల్ఫేట్ 3, హైడ్రాక్సైడ్ 6 ఇరువైపుల సమానం. జిగురు వంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవక్షేపం నీటిలోని మట్టి రేణువులను పట్టుకొని అడుగునకు చేరును.

బీజగణిత పద్ధతి

పరిశీలన వలన తేలని సమీకరణాలకు తెలియని గుణకాలను అక్షరాలతో సూచించి సాధించవచ్చును. పై ఇనుము చర్యలో గుణకాలు వరుసగా క, చ, ట, త అనుకొనిన, ఇనుము నుండి క = 3ట, ఆక్సిజన్ నుండి చ = 4ట, హైడ్రోజన్ నుండి చ = త అని వచ్చును. ట = 1 అనుకొనిన క = 3, చ = 4, త = 4 అగును. ముందు లభించిన ఫలితమే ఇక్కడను లభించినది.

ఆక్సీకరణ-క్షయకరణ చర్యలకు ఆక్సీకరణ సంఖ్య పద్ధతి, అయాన్-ఎలక్ట్రాన్ పద్ధతి అనునవి ఇంటర్మీడియట్ స్థాయిలో బోధింపబడును.

ఆవేశాన్ని తుల్యం చేయుట

అయాన్లతో కూడిన సమీకరణంలో పరమాణువులతో పాటు విద్యుదావేశం కూడ సమానం కావలెను. వెండి లవణపు ద్రావణంలో రాగి తీగ ఉంచినపుడు వెండి బయటపడును.

సీయు + ఏజీ⁺ → సీయు²⁺ + ఏజీ

ఇందు పరమాణువుల లెక్క సరిపోయినను, ఎడమవైపు ఆవేశం +1, కుడివైపు +2. కావున ఇది తుల్యం కాదు. సరియైన రూపం:

సీయు + 2ఏజీ⁺ → సీయు²⁺ + 2ఏజీ

అదనపు సమాచారం

సమీకరణాన్ని మరింత అర్థవంతం చేయుటకు పదార్థాల భౌతికస్థితులను కుండలీకరణాలలో సూచింతురు: ఘనపదార్థానికి (ఘ), ద్రవానికి (ద్ర), వాయువుకు (వా), జలద్రావణానికి (జ.ద్రా). వెలువడు వాయువుకు పైకి, అవక్షేపానికి క్రిందికి బాణపు గుర్తు ఉంచుట కలదు. ఉష్ణోగ్రత, పీడనం, ఉత్ప్రేరకం వంటి పరిస్థితులను బాణంపై వ్రాయుదురు. ఉష్ణమోచక చర్యలో వెలువడు ఉష్ణాన్ని కుడివైపు చూపవచ్చును. అమ్మోనియా తయారీ వంటి ద్విగత చర్యలకు రెండు బాణాలు వాడుదురు.

ఎన్₂ + 3హెచ్₂ ⇌ 2ఎన్‌హెచ్₃

పరిమాణాత్మక ప్రయోజనం

తుల్య సమీకరణం నుండి ఎంత పదార్థం కావలెనో, ఎంత లభించునో లెక్కించవచ్చును. సున్నపు బట్టీలో జరుగు చర్య:

సీఏసీఓ₃ → సీఏఓ + సీఓ₂

సున్నపురాయి అణుభారం 100, పొడిసున్నం 56, కార్బన్ డయాక్సైడ్ 44. కావున 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి నుండి గరిష్ఠంగా 56 కిలోల సున్నం లభించును. మిగిలిన 44 కిలోలు వాయువుగా పోవును. గోడకు వెల్ల వేసిన తరువాత ఆరిపోయిన తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి తిరిగి కాల్షియం కార్బనేట్‌గా మారును.

సీఏ(ఓహెచ్)₂ + సీఓ₂ → సీఏసీఓ₃ + హెచ్₂ఓ

వంటగ్యాసు, గాలి

వంటగ్యాసులో ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ ఉండును. బ్యూటేన్ పూర్తిగా మండు చర్యలో మొదట కార్బన్, పిదప హైడ్రోజన్ తుల్యం చేసిన, కుడివైపు 13 ఆక్సిజన్ పరమాణువులు వచ్చును. అందుకు ఆరున్నర ఆక్సిజన్ అణువులు కావలెను. భిన్నాన్ని తొలగించుటకు మొత్తం సమీకరణాన్ని 2తో గుణింతురు.

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ

దీని ప్రకారం 58 గ్రాముల బ్యూటేన్‌కు 208 గ్రాముల ఆక్సిజన్ అవసరం. గృహావసరాలకు ఇచ్చు 14.2 కిలోల సిలిండరులో ఉన్నది అంతయు బ్యూటేన్ అనుకొనిన, అది మండుటకు సుమారు 51 కిలోల ఆక్సిజన్, అనగా సుమారు 220 కిలోల గాలి కావలెను. దాని నుండి సుమారు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి వెలువడును.

తలుపులు, కిటికీలు మూసిన గదిలో తగినంత ఆక్సిజన్ అందనిచో కార్బన్ మోనాక్సైడ్ కూడ ఏర్పడును. కార్బన్ అంతయు అట్లు మారినచో చర్య ఇట్లుండును.

2సీ₄హెచ్₁₀ + 9ఓ₂ → 8సీఓ + 10హెచ్₂ఓ

ఈ రెండు సమీకరణాల నడుమ భేదం 4 ఆక్సిజన్ అణువులు మాత్రమే. కాని కార్బన్ మోనాక్సైడ్ రంగు, వాసన లేని విషవాయువు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా బలంగా బంధింపబడి, శరీరానికి ఆక్సిజన్ అందకుండ చేయును. గాలి ఆడని స్నానపు గదులలో గ్యాసు గీజర్లు, మూసిన గదులలో బొగ్గు కుంపట్లు ప్రాణాంతకమగుటకు కారణం ఇదే. ఇట్టి చోట్ల గాలి వచ్చిపోవు మార్గం తప్పనిసరి.

సాధారణంగా జరుగు పొరపాట్లు

* పాదాంకాలను మార్చి లెక్క సరిపెట్టుట.
* ఫార్ములా మధ్యలో గుణకం వ్రాయుట. గుణకం ఎల్లప్పుడు ఫార్ములాకు ముందే ఉండవలెను.
* కుండలీకరణం వెలుపలి పాదాంకాన్ని లోపలి మూలకాలన్నింటికి వర్తింపజేయకుండుట.
* వాయుమూలకాలను ఒంటి పరమాణువులుగా వ్రాయుట.
* ఇంగ్లీషు సంకేతాలలో పెద్ద, చిన్న అక్షరాలను పాటింపకుండుట. రెండక్షరాల సంకేతంలో రెండవది చిన్న అక్షరంగా ఉండవలెను. కోబాల్ట్ సంకేతంలోని రెండవ అక్షరాన్ని పెద్దదిగా వ్రాసినచో అది కార్బన్ మోనాక్సైడ్ అగును.

పరిమితులు

లెక్క సరిపోయినంత మాత్రాన సమీకరణం నిజం కాదు. ఉదాహరణకు రాగి, సజల హైడ్రోక్లోరికామ్లం కలసి హైడ్రోజన్ ఇచ్చునట్లు సమీకరణం వ్రాయవచ్చును.

సీయు + 2హెచ్‌సీఎల్ → సీయుసీఎల్₂ + హెచ్₂

ఇది తుల్యమే. కాని చర్యాశీలత శ్రేణిలో రాగి హైడ్రోజన్ కంటె దిగువన ఉండుటచే ఈ చర్య జరుగదు. డాల్టన్ కూడ నీటి అణువులో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉండునని భావించెను. ఆ భావన ప్రకారం వ్రాసిన సమీకరణం కాగితంపై సరిపోవును. అయితే నీరు ఏర్పడునపుడు 2 ఘనపరిమాణాల హైడ్రోజన్, 1 ఘనపరిమాణం ఆక్సిజన్‌తో కలియునను ప్రయోగ ఫలితాన్ని, సమాన ఘనపరిమాణాలలో సమాన సంఖ్యలో అణువులుండునని 1811లో అవొగాడ్రో చేసిన ప్రతిపాదనతో కలిపి చూచినపుడు హెచ్₂ఓ అను ఫార్ములా నిలిచినది. కావున పదార్థాలేవి, వాటి ఫార్ములాలేవి అనునది ప్రయోగం వలననే తేలవలెను. గుణకాలను మాత్రమే గణితం తేల్చును.

తుల్య సమీకరణం చర్య ఎంత వేగంగా జరుగునో తెలుపదు. మధ్యంతర దశలను తెలుపదు. తగిన గుర్తులు చేర్చనిచో పరిస్థితులను, ఉష్ణమార్పును కూడ తెలుపదు.

ఇవి కూడా చూడండి

* ద్రవ్యనిత్యత్వ నియమం
* సంయోజకత
* మోల్ భావన
* ఆక్సీకరణ-క్షయకరణ చర్యలు
* కార్బన్ మోనాక్సైడ్