ఆనంద్‌పై ఓ అప్పు గెలుపు

2021 జూన్ 13, ఆదివారం. కోవిడ్ రెండో దెబ్బ నుంచి దేశం ఇంకా తేరుకోలేదు. అక్షయపాత్ర అనే సేవాసంస్థకు విరాళాలు పోగుచేయడానికి చెస్‌.కామ్‌లో ఓ సరదా పోటీ పెట్టారు. ఒకవైపు అయిదుసార్లు ప్రపంచ విజేత విశ్వనాథన్ ఆనంద్. మరోవైపు ఆమిర్ ఖాన్, రితేశ్ దేశ్‌ముఖ్, క్రికెటర్ యజువేంద్ర చాహల్ లాంటి ప్రముఖులు. చాహల్ ఒకప్పుడు ప్రపంచ యూత్ చదరంగంలో దేశం తరఫున ఆడినవాడు. ఆయన్ని పక్కన పెడితే, ఆనంద్‌తో ఆడామని చెప్పుకుంటే చాలుననుకునేవాళ్లే ఎక్కువ. అందులో తప్పేముంది?

షేర్ బ్రోకింగ్ సంస్థ జెరోధా సహ వ్యవస్థాపకుడు నిఖిల్ కామత్ కూడా ఆ వరసలో ఉన్నాడు. చదరంగం నేర్చుకునే రోజుల్లో ఆనంద్‌ను కలిసి మాట్లాడాలని కలగన్న కుర్రాడు, ఇప్పుడు కోటీశ్వరుడు.

ఆట మొదలైంది. ఇలాంటి ఆటలు ఎలా ముగుస్తాయో ఆన్‌లైన్‌లో కొత్తగా చేరిన ఎవరినడిగినా చెబుతారు. అవతలివాడి మంత్రి తొందరపడి బయటికొస్తుంది. దూరంగా శకటు ఏటవాలుగా గురిపెట్టి ఉంటుంది. మనం గుర్రాన్ని ముచ్చటగా ముందుకు దూకిస్తాం. మంత్రి వచ్చి రాజు పక్కనున్న ఎఫ్7 బంటును తినేస్తుంది. నాలుగో ఎత్తుకే మేట్! కసికొద్దీ 'మళ్లీ ఆడదాం' మీట నొక్కుతాం. మళ్లీ పోతుంది. రాత్రి పన్నెండు దాటాక ఎవడో మంత్రిని ఊరికే వదిలేస్తే, ఆ ఒక్క గెలుపుతో నిద్ర పడుతుంది.

కామత్ ఆట అలా సాగలేదు. ఆనంద్ ఎత్తుకు పైఎత్తు పడుతూనే ఉంది. మిగతా ప్రముఖులందరినీ ఓడించిన ఆనంద్, ఈ ఒక్క బల్ల మీద రిజైన్ చేశాడు.

అభినందనలతో పాటే అనుమానాలూ మొదలయ్యాయి. ఈ రోజుల్లో ఫోన్‌లో నడిచే స్టాక్‌ఫిష్ అనే చదరంగం ఇంజిన్ కూడా ఏ ప్రపంచ విజేతనైనా మట్టి కరిపిస్తుంది. అందుకే వెబ్‌సైట్లు ఆటగాడి ఎత్తుల్ని ఇంజిన్ ఎత్తులతో పోల్చిచూస్తాయి, ఒక్కో ఎత్తుకు ఎంతసేపు పట్టిందో కూడా లెక్కిస్తాయి. కళ్లముందున్న బంటును తినడానికీ, చిక్కుముడి విప్పడానికీ మనిషికి ఒకే సమయం పట్టదు కదా.

కామత్ ఖాతా మూతపడింది. మర్నాడు ఆయనే ట్విటర్‌లో బయటపడ్డాడు: ఆటను విశ్లేషిస్తున్నవాళ్లూ, కంప్యూటర్లూ సాయం చేశాయి, తాను నిజంగా ఆనంద్‌ను ఓడించాననుకోవడమంటే, పొద్దున లేచి ఉసేన్ బోల్ట్‌ను వంద మీటర్ల పరుగులో గెలిచానన్నట్టే. సరదాకీ సేవకీ చేసిన పని ఇంత గందరగోళం రేపుతుందనుకోలేదంటూ క్షమాపణ చెప్పాడు. దాతృత్వానికి ఇంజిన్ ఎందుకో మాత్రం నాకు అర్థం కాలేదు. ఓడినా విరాళాలకు వచ్చిన లోటేమీ లేదు.

ఆనంద్ కామత్ పేరు కూడా ఎత్తలేదు. విరాళాల కోసం ఆడిన ఆట అది, నేను బల్ల మీదున్న స్థితిని చూసి ఆడాను, అందరూ అలాగే ఆడతారనుకున్నాను అని రాసి ఊరుకున్నాడు. అఖిల భారత చదరంగ సమాఖ్య కార్యదర్శి మాత్రం బాహాటంగానే బాధపడ్డాడు.

విషయాన్ని ఇంకా లాగడం ఆనంద్‌కు ఇష్టం లేకపోవడంతో చెస్‌.కామ్ ఖాతాను తిరిగి తెరిచింది. అది రేటింగ్ లెక్కలోకి రాని ఆట. గెలిచిన కామత్‌కు ఒక్క పాయింటూ రాలేదు, ఓడిన ఆనంద్‌కు ఒక్కటీ పోలేదు.