మదరాసు తెలుగువారి హైదరాబాదు జట్టు

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం అవతరించినపుడు మదరాసు నగరం అందులో చేరలేదు. మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట 58 దినాలు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు అసువులు బాసిన నగరమే, ఆయన కోరిన రాష్ట్రానికి వెలుపల మిగిలిపోయింది. ప్రభుత్వ కార్యాలయాలు కర్నూలుకు తరలివెళ్లాయి. ఉద్యోగులు కొందరు వెంట వెళ్లారు. వ్యాపారం, ఇల్లూవాకిలీ, పిల్లల చదువులు ఇక్కడ ఉన్నవారు ఇక్కడే నిలిచారు. మూడేళ్లకు, 1956 నవంబరు 1న, తెలంగాణ కూడా కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజధాని హైదరాబాదు అయింది. మదరాసు తెలుగువారికి ఆ ఊరు అంతవరకు నిజాము ఏలిన దూరప్రాంతం. తమవారి రాజధానిగా దానిని ఒక్కసారిగా తలచుకోవలసి వచ్చింది.

ఆ తలంపునకు తోడ్పడిన వాటిలో రాజకీయ చరిత్రకారులు పేర్కొనని అంశం ఒకటున్నది. అది ఫుట్‌బాల్.

రాష్ట్రం పుట్టిన మూడు వారాలకు, నవంబరు 22న, మెల్‌బోర్న్ నగరంలో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యాయి. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదువాసి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ మొదలైనవారంతా హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో ఆట నేర్చినవారే. కెప్టెన్ సమర్ బెనర్జీ బెంగాలువాడు, గోళ్ల వీరుడు నెవిల్ డిసౌజా బొంబాయివాడు. అయినా జట్టు పేర్లు చదివిన వారికి హైదరాబాదు ముద్ర తెలియకపోదు.

మదరాసులో అప్పటికి టెలివిజను లేదు. అది ఈ నగరానికి 1975లో గాని రాలేదు. రేడియో, మరునాటి దినపత్రిక, వారం వారం వచ్చే క్రీడాపత్రిక, ఇవే అభిమానికి మైదానం. ఇందులో మదరాసువాసికి ఒక అదృష్టం ఉండేది. దేశమంతా చదివిన 'స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్' వారపత్రికను 'హిందూ' సంస్థవారు 1947 నుండి 1968 వరకు ఈ నగరం నుండే వెలువరించారు. ఆటను కంటితో చూడకుండా, అక్షరాలతోనే చూచిన తరం అది.

హంగరీలో విప్లవం చెలరేగి అణచివేయబడిన సంవత్సరమది. ఆ జట్టు బరిలోకి రానందున భారతదేశానికి తొలి మెట్టు ఆడకుండానే దాటిపోయింది. డిసెంబరు 1న ఆతిథేయి ఆస్ట్రేలియాతో పోటీ. మనవారు 4–2తో గెలిచారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్లు చేసిన మొదటి ఆసియావాసి అతడే. నాలుగవది 'కిట్టు' అని అందరూ పిలుచుకొన్న కృష్ణస్వామిది. ఆసియా దేశం ఏదీ అంతకు ముందు ఒలింపిక్ సెమీఫైనలు చేరలేదు.

డిసెంబరు 4న యుగోస్లావియా ఎదుట నిలిచింది. ఆ పేరు వింటేనే అభిమానికి గుండె జారడం సహజం. నాలుగేళ్ల క్రితం, 1952లో, హెల్సింకీలో ఇదే యుగోస్లావియా మనలను 10–1తో ఓడించింది. ఆ చలిలో మన ఆటగాళ్లలో పలువురు పాదరక్షలు లేకుండానే ఆడారు. బూట్లు తప్పనిసరి కావడానికి ఆ ఓటమే కారణమైంది. మెల్‌బోర్న్‌లో విరామం వరకు ఎవరికీ గోలు లేదు. విరామానంతరం మొదటి గోలు మనదే, మళ్లీ నెవిల్ డిసౌజాదే. ఆధిక్యం రెండు మూడు నిమిషాలే నిలిచింది. చివరకు 4–1తో ఓడిపోయారు. మూడవ స్థానానికి 7వ తేదీన జరిగిన ఆటలో బల్గేరియా 3–0తో గెలిచింది. నాలుగవ స్థానం. పతకం లేదు. భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంత ఎత్తుకు ఆ తరువాత మరెన్నడూ చేరలేదు. పదికి ఒకటి నుండి నాలుగుకు ఒకటి, అదీ ముందుగా గోలు చేసి: నాలుగేళ్లలో జరిగిన ఈ మార్పు పతకాల పట్టికలో కనబడదు.

ఆ మార్పును తెచ్చిన మనిషి వృత్తిరీత్యా బడిపంతులు. 1909లో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదువుతూ అక్కడి జట్టులో ఆడాడు. సిటీ కాలేజి విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కలిసి నడిపిన 'ఎలెవెన్ హంటర్స్' జట్టులోనూ ఆడాడు. తరువాత కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని పలు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో క్రీడల బాధ్యత వహించాడు. పాఠశాలలలో ఆటల గంటకు కాలనిర్ణయ పట్టికలో దొరికే చోటు ఎక్కడో అందరికీ తెలిసినదే. అట్టి గంటలో పిల్లలను ఆడించిన అనుభవంతోనే ఆయన 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టును చేపట్టాడు. ఆ ఏడు మొదలుకొని 1954 వరకు ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు గెలిచింది.

ఆయన పద్ధతి అభిమానుల అభిరుచికి కొంత ఎదురుగా నడిచేది. గ్యాలరీలో కూర్చున్నవానికి, పత్రిక చదివేవానికి కూడా, బంతిని కాలికి అతికించుకొని నలుగురైదుగురిని తప్పించుకుపోయే ఆటగాడంటేనే మోజు. రహీం అలా బంతిని వెంట తీసుకుపోవడం నిషేధించిన పోటీలను ప్రత్యేకంగా ఏర్పాటు చేశాడు. బంతి అందిన వెంటనే తోటివానికి ఇవ్వాలి. ఇచ్చి ఖాళీ చోటికి పరుగెత్తాలి. అలవాటైన కాలితో తన్నరాదనే నియమంతో మరికొన్ని పోటీలు పెట్టాడు. కుడికాలివాడు ఎడమకాలితో ఆడాలి. చేతివ్రాత దిద్దించినట్లు ఆటను దిద్దించాడన్నమాట. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ వలన లోకప్రసిద్ధమైన 4–2–4 అమరికను అంతకుముందే మన దేశంలో ప్రయోగించిన ఘనత కూడా ఆయనకే చెబుతారు. ఇవేవీ మరునాటి పత్రికలోని గోళ్ల లెక్కలో చేరవు.

మెల్‌బోర్న్ ఏడాది మన దేశపు పోటీలలో పోలీసు జట్టుకు చేదు కూడా మిగిలింది. 1956 డ్యూరాండ్ కప్పు ఫైనలులో కలకత్తా ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడిపోయారు. అయితే 1956–57 సంతోష్ ట్రోఫీలో బొంబాయిని ఓడించి హైదరాబాదు మొట్టమొదటిసారి జాతీయ విజేత అయింది. మరుసటి ఏడు మళ్లీ బొంబాయినే ఓడించి ట్రోఫీని నిలుపుకొంది. 1957లో పోలీసు జట్టు రోవర్స్ కప్పు గెలిచింది; డ్యూరాండ్ ఫైనలులో ఈసారి అదే ఈస్ట్ బెంగాలును ఓడించి బాకీ తీర్చుకొంది. కొత్త రాష్ట్రపు తొలి సంవత్సరంలోనే దేశంలోని పెద్ద కప్పులు రాజధానిలో కొలువుదీరాయి. రాష్ట్రం పేరు మారినా సంతోష్ ట్రోఫీలో జట్టు పేరు మాత్రం అప్పటికి హైదరాబాదే.

మదరాసులో ఉన్న తెలుగువాడు ఈ జట్టును 'మనది' అనుకోవడానికి హక్కేమిటి? అతడు హైదరాబాదును చూచి ఉండకపోవచ్చు. ఆటగాళ్లలో ఎక్కువమంది ఇంట మాట్లాడేది ఉర్దూ. తంగరాజ్ పేరే తమిళ పేరు. బలరాం సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పెరిగినా కుటుంబం తమిళులదే. భాషే కొలబద్ద అయితే ఈ జట్టు తెలుగువారి లెక్కలోకి అంతగా రాదు. కాని తమిళ కుటుంబపు బాలుడు సికింద్రాబాదులో పెరిగి హైదరాబాదువాడయినట్లే, తెలుగు కుటుంబపు బాలుడు మదరాసులో పెరిగి మదరాసువాడయ్యాడు. ఈ పోలిక ఈ నగరంలో తెలుగు బడికి పిల్లలను పంపిన తల్లిదండ్రులకు విడమర్చి చెప్పనక్కరలేదు.

తంగరాజ్ విషయంలో ఇది మరింత చమత్కారంగా ఉంటుంది. హైదరాబాదులో పుట్టి సికింద్రాబాదు మార్నింగ్ స్టార్ క్లబ్బులో ఆడిన ఈ పొడగరి 1953లో సైన్యంలో చేరి మదరాసు రెజిమెంటల్ సెంటర్ జట్టుకు గోల్‌కీపరయ్యాడు. ఆ జట్టు నీలగిరులలోని వెల్లింగ్టన్‌కు చెందినది. పేరు మాత్రం మదరాసుది. అది 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. అంటే పోలీసు జట్టు గెలిచిన 1957కు కొంచెం ముందూ వెంటనే వెనుకా ఆ కప్పు 'మదరాసు'దే. ఒకే గోల్‌కీపరును మైలాపూరు తమిళుడు తనవాడనుకోవచ్చు, జార్జిటౌను తెలుగువాడు తనవాడనుకోవచ్చు. ఇద్దరి మాటా అబద్ధం కాదు.

బలరాం కథలో ఉపాధ్యాయుని చేయి స్పష్టంగా కనబడుతుంది. పేద ఇల్లు. అభ్యాసానికి నగరం వరకు రావడానికి చేతిలో డబ్బు లేదు. సైకిలు అద్దెకు రహీం డబ్బిచ్చి రప్పించుకొన్నాడు. ఆ కుర్రవాడే మెల్‌బోర్న్‌కు, ఆపై 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి అక్కడివారికి ఆరాధ్యుడయ్యాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసే వరకు గురువు పేరు గౌరవంతోనే తలచేవాడు.

రహీం చివరి విజయం 1962లో జకార్తాలో లభించింది. అప్పటికే ఆయనను కాన్సర్ పట్టుకొంది. ఆసియా క్రీడలలో తొలి ఆటను దక్షిణ కొరియాకు 2–0తో కోల్పోయిన జట్టు, సెప్టెంబరు 4న అదే కొరియాను ఫైనలులో 2–1తో ఓడించింది. తలకు తగిలిన గాయానికి కుట్లున్న జర్నైల్ సింగును రక్షణవరుస నుండి ముందువరుసకు మార్చి ఆడించాడు రహీం; పి.కె. బెనర్జీ ఒక గోలు, అతడొక గోలు చేశారు. మైదానం నిండా ఉన్నది మనకు వ్యతిరేకంగా కేకలు వేసిన జనమే. జ్వరం నుండి తేరుకొన్న తంగరాజ్ ఆనాడు గోలు కాచాడు. 1963 జూన్ 11న రహీం మరణించాడు. ఆయన జీవితం ఆధారంగా 2024లో 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చిన తరువాతనే నేటి పిల్లలలో పలువురు ఆయన పేరు విన్నారు.

అప్పటికే పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఆడుతోంది. ఆ పేరుతోనే 1961 డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1965–66లో సంతోష్ ట్రోఫీ ఫైనలులో బెంగాలును ఓడించినపుడు విజేత పేరు హైదరాబాదు అని గాక ఆంధ్రప్రదేశ్ అని పత్రికలలో అచ్చయింది. మదరాసులో ఆ వార్త చదివినవారిలో, పదమూడేళ్ల క్రితం కర్నూలుకు వెళ్లక నిలిచిపోయినవారూ ఉన్నారు.